తరంగంబాడికి ఒక పూట చాలదు

కావేరి తీరంలోని నవగ్రహ క్షేత్రాల గురించి గత సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, తిరునళ్ళారు దాకా వెళ్ళినవారు దగ్గరలోనే తమిళనాడు తీరంలో, ఒకప్పుడు డెన్మార్కువారి స్థావరంగా ఉన్న తరంగంబాడిని కూడా చూసి రావచ్చునని చివర ఒక వాక్యం చేర్చాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు మిగతా జవాబు మొత్తానికి రాలేదు. అందుచేత ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ ఊరికే కేటాయిస్తున్నాను. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి, ఒక్కొక్కటిగా జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: మా నాన్నగారి షష్టిపూర్తి తిరుక్కడయూరులో చేయించాలని నిశ్చయించుకున్నాము. అమ్మానాన్నలతో కలిపి మొత్తం పదకొండు మందిమి వెళ్తున్నాము. కార్యక్రమం మధ్యాహ్నంలోపు అయిపోతుందట. వెంటనే బయలుదేరి, ఒక గంటలో తరంగంబాడి చూసేసి, సాయంత్రానికి చిదంబరం చేరుకోవాలన్నది మా బావగారి ఆలోచన. అది సాధ్యమేనా? - ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: సాధ్యమే. తిరుక్కడయూరు నుంచి తరంగంబాడి పది కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా మీ బావగారి ఆలోచనను సమర్థించలేకపోతున్నాను. అందుకు కారణం దూరం కాదు, వేళ. నేను మొదటిసారి ఆ ఊరికి వెళ్ళింది సరిగ్గా ఈ విధంగానే. పొద్దున ఒక గుడి, సాయంత్రం మరొక గుడి, నడుమ మిగిలిన గంటన్నరలో తరంగంబాడి. మధ్యాహ్నం ఒంటిగంటకు కారు దిగితే వీధిలో చారెడు నీడ లేదు. సున్నం కొట్టిన గోడల మీద పడిన ఎండ నేరుగా కళ్ళలోకి కొట్టింది. మాతో వచ్చిన పెద్దమ్మ కారు దిగనే లేదు. కోట ముందు నిలబడి ఫొటోలు తీసుకొని, చూశామనిపించుకొని తిరిగివచ్చాము. ఆ ఊరిని నేను నిజంగా చూసింది ఆరేళ్ళ తరువాత, ఒక రాత్రి అక్కడ బస చేసినప్పుడు.

కాబట్టి చిదంబరాన్ని మరునాటికి వాయిదా వేసుకోండి. కార్యక్రమం, భోజనాలు ముగిశాక పెద్దవాళ్ళను తిరుక్కడయూరులోనే కాసేపు నడుం వాల్చనిచ్చి, నాలుగు గంటల ప్రాంతంలో బయలుదేరండి. ఊరి మొగదల ఒక తెల్లటి ద్వారం కనిపిస్తుంది. డెన్మార్కు వాళ్ళ కాలంలో ఊరి చుట్టూ ఉన్న గోడకు అదే ప్రధాన ద్వారం. ఇప్పుడున్న కట్టడం 1792 నాటిది. నడవగలిగినవారంతా అక్కడే దిగిపోయి, వాహనంలో అమ్మానాన్నలను మాత్రం సముద్రం దాకా పంపించండి. ద్వారం నుంచి సముద్రం దాకా నిటారుగా సాగే వీధిని నేటికీ కింగ్ స్ట్రీట్ అనే పిలుస్తారు. ఆ వీధిని తీరికగా నడిచినా పావుగంట పట్టదు. ఊళ్ళో చూడవలసిన వాటిలో చాలా భాగం ఆ పావుగంట నడకలోనే ఉంది. 1701 నాటి జియోన్ చర్చి, 1718లో ప్రతిష్ఠించిన న్యూ జెరూసలేం చర్చి, స్తంభాల వరండాలతో గవర్నరు బంగళా, ఆపైన ఖాళీ మైదానం, మైదానం అంచున డాన్స్‌బోర్గ్ కోట, దాని వెనుక సముద్రం వరుసగా వస్తాయి.

న్యూ జెరూసలేం చర్చి ముందు ఒక నిమిషం ఆగి పైకి చూడండి. దాని ముఖభాగం మీద కిరీటం, దాని కింద అప్పటి డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్ పేరును సూచించే అక్షరాల అల్లిక ఉన్నాయి. కట్టడంలో మన పనివాళ్ళ చేతి ఒడుపూ, ఉత్తర ఐరోపా నమూనా రెండూ కలగలిసి ఉన్నాయి. లోపల సమాధిలో ఉన్న మనిషి గురించి కింద మరొక పాఠకుడికి జవాబు రాశాను.

కోట మ్యూజియాన్ని మరునాడు ఉదయానికి ఉంచుకోండి. తెరిచే వేళను, వారపు సెలవును మీరు దిగిన చోట ముందురోజే అడిగి తెలుసుకోవడం మంచిది. కోటలో కింది అంతస్తు సరుకుల గిడ్డంగులకు, సైనికులకు, వంటశాలకు, ఖైదు గదికి కేటాయించినది. పై అంతస్తు అధికారుల నివాసానికి, ప్రార్థనకు ఉద్దేశించినది. మిరియాలు కింద, మనుషులు పైన అన్నమాట. 1978లో తమిళనాడు పురావస్తు శాఖ చేపట్టి మ్యూజియంగా మార్చేదాకా ఆ కోట ప్రయాణికుల బంగళాగా వాడుకలో ఉండేది. ప్రదర్శనలో నాణేలు, పింగాణీ పాత్రలు, ఆయుధాలు, పాత పత్రాల ప్రతులు ఉన్నాయి. నిజం చెప్పాలంటే వాటి అమరిక కొంత నిరాశ కలిగిస్తుంది, వివరాల పలకలు మరీ క్లుప్తం. అయినా ఆ వస్తువుల కంటే ఆ గదుల్లో తిరగడమే ముఖ్యం. మందమైన గోడలు, వంపు కప్పులు, సముద్రం వైపు తెరుచుకున్న బురుజు మీద నిలబడితే, ఓడ కోసం ఎదురుచూడడమే ఉద్యోగంగా గడిపిన మనుషుల దినచర్య అర్థమవుతుంది.

బస విషయం. పాత బంగళాలను బాగుచేసి హోటళ్ళుగా మార్చినవి ఊళ్ళో కొన్ని ఉన్నాయి గానీ గదులు తక్కువ. పదకొండు మందికి ఒకే చోట దొరకాలంటే చాలా ముందుగా మాట్లాడుకోవాలి. దొరకకపోతే సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని కారైక్కాల్‌లో దిగి, తెల్లవారుజామున రండి. తూర్పు తీరం కావడం వల్ల సూర్యోదయం నేరుగా సముద్రంలోంచే. షష్టిపూర్తి మరునాటి ఉదయం మీ అమ్మానాన్నలను అక్కడ ఒక గంట కూర్చోబెట్టగలిగితే, ఆల్బంలోని మిగతా ఫొటోలన్నింటికంటే ఆ ఒక్కటే బాగా వస్తుందని నా నమ్మకం.

ప్రశ్న: మీ మాట మీద తరంగంబాడి వెళ్ళి వచ్చాము. నాలుగు పాత ఇళ్ళు, రెండు చర్చిలు, రంగు వెలిసిన ఒక కోట తప్ప అక్కడ ఏమీ లేదు. పుదుచ్చేరితో పోలిస్తే అది ఒక ఊరే కాదు. ఎందుకింత గొప్పగా రాస్తారు? - ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. ఏం చూడాలో చెప్పకుండా వెళ్ళి రమ్మని రాయడం నా తప్పు. అయితే మీరు లోపంగా చెప్పిన విషయమే ఆ ఊరి ప్రత్యేకత అని నా అభిప్రాయం. తరంగంబాడి మిగలడానికి కారణం అది గెలవకపోవడమే.

చరిత్రను కొద్దిగా విప్పి చెబుతాను. 1616లో డెన్మార్కులో తూర్పు ఇండియా వర్తక సంఘం ఏర్పడింది. రెండేళ్ళకు ఓవె గెడ్డె అనే యువ నౌకాధిపతి నాయకత్వంలో ఓడలు బయలుదేరాయి. వాళ్ళ అసలు గమ్యం మన తీరం కాదు, సింహళం. అక్కడి కాండీ రాజుతో ఒప్పందం కుదరలేదు. ఈలోగా రోలాంట్ క్రాప్పె అనే వర్తకుడి ఓడను కారైక్కాల్ సమీపంలో పోర్చుగీసువాళ్ళు ముంచేశారు. ప్రాణాలతో బయటపడిన క్రాప్పె, మిగిలిన కొద్దిమంది నావికులతో తంజావూరు నాయకరాజు దగ్గరికి చేరాడు. ఆ విధంగా ఒక విఫలమైన రాయబారం, మునిగిన ఒక ఓడ కలిసి 1620 నవంబరులో తరంగంబాడి ఒప్పందానికి దారితీశాయి.

తరువాతి కథ మరీ విచిత్రం. ఐరోపాలో యుద్ధాలతో, అప్పులతో డెన్మార్కు చితికిపోయింది. 1643 తరువాత 1669 దాకా, అంటే పాతికేళ్ళకు పైగా, స్వదేశం నుంచి తరంగంబాడికి ఒక్క ఓడ కూడా రాలేదు. కోటలోని డేన్‌లు, అంటే డెన్మార్కువాళ్ళు, ఒక్కొక్కరే చనిపోతూ వచ్చారు. చివరికి ఎస్కిల్ కాంగ్స్‌బాకె అనే సామాన్య సైనికుడు నాయకుడయ్యాడు. 1655 తరువాత అక్కడ మిగిలిన డేన్ అతడొక్కడేనని కూడా చెబుతారు. పెద్దగా చదువురాని ఆ మనిషి స్థానికులను కూడగట్టుకొని, కప్పం కోసం తంజావూరు నుంచి వచ్చిన ఒత్తిళ్ళను తట్టుకొని, ఊరి చుట్టూ గోడ కట్టించి, పద్నాలుగేళ్ళ పాటు జెండాను దించకుండా నిలబెట్టాడు. 1669లో ఎట్టకేలకు ఓడ వచ్చి చూస్తే కోట భద్రంగా ఉంది. మీరు లోపలికి వెళ్ళిన తెల్లటి ద్వారం అతడు కట్టించిన గోడ తాలూకు వారసత్వమే.

1845లో డెన్మార్కు ఈ ఊరిని, బెంగాలులోని శ్రీరాంపూరుతో కలిపి, పన్నెండున్నర లక్షల రూపాయలకు ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీకి అమ్మేసింది. ఆంగ్లేయులకు అప్పటికే దగ్గరలో నాగపట్నం రేవు ఉంది, ఇది అవసరం లేదు. వర్తకం తరలిపోయింది. మాయవరం (నేటి మయిలాడుదురై) నుంచి చాలాకాలం తరువాత వేసిన చిన్న రైలుమార్గం కూడా 1980లలో మూతపడింది. డబ్బున్న ఊళ్ళు పాత ఇళ్ళను కూలగొట్టి కొత్తవి కట్టుకుంటాయి. తరంగంబాడికి ఆ స్తోమత లేకపోయింది కాబట్టే పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల వీధి వీధిగా నిలిచి ఉంది. పుదుచ్చేరి ఫ్రెంచివారి చేతిలో 1954 దాకా నడిచిన రాజధాని, దానికి తోడు నేటికీ ప్రభుత్వ కేంద్రం. ఆ రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం సబబు కాదేమో. మరొకసారి వెళ్ళమని మిమ్మల్ని బలవంతం చేయను. వెళితే మాత్రం సాయంత్రం వెళ్ళండి.

ప్రశ్న: తరంగంబాడి అంటే 'అలలు పాడే చోటు' అని పర్యాటక శాఖ బోర్డుల మీద చూశాను. 'పాడి' అన్న మాటకు పాడడం అనే అర్థం నిజంగా ఉందా? - ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మీ అనుమానం సరైనదే. అలలు పాడే చోటు అన్నది వినసొంపైన వ్యాఖ్యానం, ఊరికి బాగా నప్పిన వ్యాఖ్యానం కూడా, కాని పాత రాతలు ఆ దారిలో లేవు. ఒడ్డునున్న మాసిలామణినాథ ఆలయంలో పాండ్యరాజు మారవర్మన్ కులశేఖరుడి కాలపు శాసనంలో ఈ ఊరు 'సడంగన్‌పాడి' అనీ, రాజు పేరు మీదుగా 'కులశేఖరన్‌పట్టినం' అనీ కనిపిస్తుంది. పేరు చివర వచ్చే 'పాడి' తమిళ ఊళ్ళ పేర్లలో పల్లె, నివాసం అనే అర్థంలో కనిపించే మాట, మన వైపు 'పాడు' చేరిన ఊరి పేర్ల వంటిది. సడంగన్ అన్నది కాలక్రమంలో నోళ్ళలో నలిగి తరంగంగా మారి ఉంటుంది. ఆ మార్పును సముద్రం సమర్థించింది కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఐరోపావాళ్ళు దానినే ట్రాంకేబార్ చేసుకున్నారు.

ప్రశ్న: డెన్మార్కు వారికి తరంగంబాడిని ఇచ్చిన తంజావూరు రఘునాథ నాయకుడు, తెలుగు పాఠ్యపుస్తకాల్లో మేము కవిగా చదువుకున్న రఘునాథ నాయకుడు ఒక్కరేనా? అంతటి సాహితీపరుడు విదేశీయులకు ఊరు ఎందుకు ఇచ్చాడు? - ఒక డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: ఒక్కరే. తరంగంబాడి వెళ్ళే తెలుగువారికి నేను మొదట చెప్పాలనుకునే విషయం కూడా ఇదే. 'విజయవిలాసము' రాసిన చేమకూర వేంకటకవికి ఆశ్రయమిచ్చినవాడు, రామభద్రాంబ, మధురవాణి వంటి విదుషీమణుల కవిత్వానికి సభలో చోటిచ్చినవాడు, తానే తెలుగులో కావ్యాలు రాసినవాడు, ఇవాళ మనం తంజావూరు వీణగా పిలిచే వాద్యం రూపుదిద్దుకోవడంలో ఎవరి పేరు చెప్పుకుంటామో ఆయనే 1620లో డెన్మార్కు రాజు నాలుగవ క్రిస్టియన్‌కు బంగారు రేకు మీద లేఖ పంపించాడు. ఆ రేకు ఇప్పటికీ డెన్మార్కు జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉంది. మనం చదువుకునే ప్రబంధయుగపు సభకూ, ఉత్తర సముద్రాల నుంచి వచ్చిన ఓడలకూ నడుమ ఉన్న దూరం ఒక రేకు మందం మాత్రమే. పాఠ్యపుస్తకాలు ఈ రెంటినీ వేర్వేరు గదుల్లో ఉంచడం వల్ల మనకు ఆశ్చర్యంగా తోస్తుంది.

ఇక ఎందుకిచ్చాడన్నది. కవి కావడం, రాజకీయం తెలియకపోవడం ఒకటి కావు. అప్పటికి నాగపట్నంలో పోర్చుగీసువాళ్ళు బలంగా ఉన్నారు. తీరంలో ఒకే ఒక విదేశీ కొనుగోలుదారు ఉంటే ధర చెప్పేది అతడే అవుతాడు. రెండవవాడు వస్తే బేరం రాజు చేతికి వస్తుంది. పైగా ఊరు ఉచితంగా ఇచ్చింది కాదు. కోట కట్టుకోవడానికి, వర్తకం చేసుకోవడానికి అనుమతి ఇస్తూ, ఏటేటా కప్పం చెల్లించాలని నియమం పెట్టాడు. డేన్‌లు కప్పం బాకీ పడినప్పుడల్లా తంజావూరు సైనికులు వచ్చి గోడల బయట నిలబడడం తరువాతి కాలంలో మామూలైపోయింది. నాయకరాజుల తరువాత వచ్చిన మరాఠా రాజులు కూడా ఆ కప్పాన్ని వదులుకోలేదు. దీన్నిబట్టి రఘునాథుడు ఊరిని ఇచ్చేశాడనడం కంటే, అద్దెకిచ్చాడనడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

మీరు వ్యాసం రాసే ఆలోచనలో ఉన్నారని ఉత్తరంలో అన్నారు. అలాగైతే తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయాన్ని, తరంగంబాడిని ఒకే ప్రయాణంలో చూడండి. తంజావూరులో తాటాకులు, తరంగంబాడిలో ఆ తాటాకులు రాయించినవారి రాజ్యం సముద్రాన్ని తాకిన చోటు.

ప్రశ్న: నేను అచ్చుపనిలో నలభై ఏళ్ళు గడిపాను. మన దేశంలో తొలి దేశభాషా ముద్రణ తరంగంబాడిలోనే మొదలైందంటారు. తెలుగు అచ్చుకు కూడా ఆ ఊరితో సంబంధం ఉందా? - ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మొదటి మాటను కొద్దిగా సవరించాలి. తమిళంలో పోర్చుగీసు పాదిరీలు పదహారో శతాబ్దంలోనే, కొల్లంలోనూ కొచ్చిన్ ప్రాంతంలోనూ, పుస్తకాలు అచ్చువేశారు. కాని ఆ పని కొనసాగలేదు. ముద్రణ ఒక వృత్తిగా, ఆగకుండా సాగిన పనిగా వేళ్ళూనుకున్నది తరంగంబాడిలోనే.

డెన్మార్కు రాజు పంపగా 1706 జులై 9న బార్తలోమేయస్ జీగెన్‌బాల్గ్, హైన్‌రిష్ ప్లూట్‌షావ్ అనే ఇద్దరు జర్మను యువకులు ఇక్కడ ఓడ దిగారు. జీగెన్‌బాల్గ్ వయసు అప్పటికి దాదాపు ఇరవై నాలుగు. వీధిబడి పిల్లల పక్కన కూర్చొని ఇసుకలో వేలితో తమిళ అక్షరాలు దిద్దుకున్నాడని చెబుతారు. మతం మార్చడానికి వచ్చిన మనిషి తాటాకు గ్రంథాలు సేకరించడంలో పడిపోయాడు. స్థానిక గవర్నరుతో తగవు వచ్చి నాలుగు నెలలపాటు డాన్స్‌బోర్గ్ కోటలోనే ఖైదులో ఉన్నాడు. 1713లో దక్షిణాది దేవతల గురించి ఒక పెద్ద గ్రంథం రాసి జర్మనీలోని హాలే నగరానికి పంపితే, అక్కడి పెద్దలు దాన్ని పక్కన పడేశారు. విగ్రహారాధనను మాన్పించి రమ్మని పంపితే విగ్రహాల వివరాలు రాసి పంపడమేమిటని వారి అభ్యంతరం. ఆ పుస్తకం 1867 దాకా అచ్చుకు నోచుకోలేదు.

మీకు ఆసక్తి కలిగించే భాగం ఇప్పుడు వస్తుంది. 1712లో ఇంగ్లండు నుంచి ఒక అచ్చుయంత్రం తరంగంబాడి చేరింది. మరుసటి సంవత్సరం హాలేలో పోతపోసిన తమిళ అక్షరాలు వచ్చాయి. అవి పరిమాణంలో పెద్దవి కావడంతో కాగితం ఎక్కువ ఖర్చయింది. అందుకని ఊళ్ళోనే చిన్న అక్షరాలు పోతపోశారు. 1715 నాటికి తమిళంలో కొత్త నిబంధన అచ్చయింది. దగ్గరలోని పొరైయారులో కాగితం తయారుచేసే మిల్లును కూడా నెలకొల్పారు. అక్షరం, యంత్రం, కాగితం మూడింటినీ ఒకే చోట సమకూర్చుకోవడమంటే ఏమిటో నాకంటే మీకు బాగా తెలుసు. జీగెన్‌బాల్గ్ 1719లో, ముప్పై ఏడేళ్ళు నిండకముందే చనిపోయాడు. తాను కట్టించిన న్యూ జెరూసలేం చర్చిలోనే ఆయన సమాధి ఉంది.

తెలుగుకు సంబంధం ఆ సంవత్సరంలోనే మొదలైంది. 1719లో బెంజమిన్ షుల్జ్ అనే మరొక జర్మను పాదిరీ తరంగంబాడికి వచ్చాడు. కొన్నేళ్ళకు తోటివారితో పొసగక మద్రాసు చేరి, అక్కడ తెలుగు నేర్చుకున్నాడు. 1728 నాటికి తెలుగుకు ఒక వ్యాకరణం రాశాడు, బైబిలును తెలుగులోకి అనువదించే పనిలో దిగాడు. ఆ అనువాదం అచ్చుకాలేదు. స్వదేశానికి తిరిగివెళ్ళాక 1746, 47 సంవత్సరాలలో హాలేలో చిన్న తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. మనకు తెలిసినంతలో తొలి తెలుగు అచ్చు పుస్తకాలు అవే. అంటే తెలుగు అక్షరం మొదట సీసంలోకి దిగింది జర్మనీలో, ఆ పని చేయించిన మనిషి మన దేశంలో మొదట కాలు పెట్టింది తరంగంబాడిలో. ఇంకొక మాట. తెలుగు కొత్త నిబంధన 1818లో ఎక్కడ వెలువడిందో చూడండి: శ్రీరాంపూరులో. విలియం కేరీ తన తెలుగు వ్యాకరణాన్ని ప్రకటించింది కూడా అక్కడే, 1814లో. ఆంగ్లేయ కంపెనీ పాదిరీలను తన భూభాగంలో ఉండనివ్వని రోజుల్లో డెన్మార్కు జెండా నీడ వారికి పనికివచ్చింది. తరువాత ఆ రెండు ఊళ్ళూ ఒకే ఒప్పందంలో అమ్ముడుపోయాయి.

ప్రశ్న: పిల్లలతో వెళ్తున్నాము. అక్కడ సముద్రస్నానం చేయవచ్చా? ఒడ్డున సగం సముద్రంలో కలిసిన గుడి ఉందని విన్నాము, నిజమేనా? - ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: స్నానం వద్దు. తూర్పుతీరంలో లోతు త్వరగా పెరుగుతుంది, అలల లాగుడు ఎక్కువ, ఒడ్డున రాళ్ళు పోసిన చోట్లు కూడా ఉన్నాయి. కాళ్ళు తడుపుకొని సంతృప్తి పడండి, పిల్లల చేయి విడవకండి.

గుడి మాట నిజమే. మాసిలామణినాథ ఆలయాన్ని 1306లో కట్టారు. అప్పటికి సముద్రం ఇంకా దూరంగా ఉండేది. శతాబ్దాల కోతలో తీరం వెనక్కి జరిగి, గుడిలో కొంత భాగం నీటిపాలైంది. మిగిలినది ఇప్పటికీ పూజలందుకుంటున్నది కాబట్టి దానిని శిథిలంగా కాక గుడిగానే చూడండి. ఊళ్ళోని అన్ని కట్టడాల కంటే అది మూడు వందల ఏళ్ళు పాతది. డెన్మార్కు కోట కోసం వెళ్ళేవాళ్ళు చాలామంది దానిని ఫొటోలో నేపథ్యంగా మాత్రమే వాడుకుంటారు. అది నాకు నచ్చదు.

సముద్రం గురించి పిల్లలకు మరొక విషయం చెప్పండి. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో అప్పటి నాగపట్నం జిల్లాలో ఆరు వేల మందికి పైగా చనిపోయారు. తరంగంబాడి అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది, 2020 నుంచి మయిలాడుదురై జిల్లాలోకి వచ్చింది. కోట నిలిచింది, ఒడ్డు వెంట ఉన్న జాలరుల ఇళ్ళు నిలవలేదు. పాత కట్టడాల పునరుద్ధరణ ఊపందుకున్నది ఆ తరువాతి సంవత్సరాలలోనే. పడవల దగ్గర వలలు బాగుచేసుకుంటూ కనిపించే నడివయసు మనుషుల్లో ఆ ఉదయం ఎవరినో ఒకరిని పోగొట్టుకోనివారు అరుదు. అడగకుండా వారి ఫొటోలు తీయకండి. వాళ్ళంతట వాళ్ళు చెబితే తప్ప సునామీ గురించి గుచ్చి గుచ్చి అడగకండి.

ప్రశ్న: ఏ నెలలో వెళ్ళాలి? ఎలా చేరుకోవాలి? - ముగ్గురు పాఠకులు

జవాబు: జనవరి, ఫిబ్రవరి నెలలు ఉత్తమం. ఆ తీరానికి అసలు వానలు మనకు మాదిరిగా జూన్‌లో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. తుపానుల కాలం కూడా అదే. ఏప్రిల్, మే నెలల్లో ఎండను తట్టుకోవడం కష్టం. చెన్నై నుంచి తీరం వెంబడి రోడ్డు మీద సుమారు 280 కిలోమీటర్లు. రైలులో వెళ్ళేవారు మయిలాడుదురై జంక్షన్‌లో దిగితే అక్కడి నుంచి దాదాపు 30 కిలోమీటర్లు, బస్సులున్నాయి. మన పెద్దలు మాయవరం అనే ఊరు అదే. టిక్కెట్టు తీసేటప్పుడు తికమక పడకండి.

ప్రశ్న: డెన్మార్కు వారి కథంతా తమిళ తీరానికి సంబంధించినది. మా గోదావరి తీరానికి ఆ ఊరితో ఏమైనా సంబంధం ఉందా? - ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఉంది, అదీ మీ ఊరితోనే. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వైద్యుడు 1768లో తరంగంబాడికి పాదిరీల దగ్గర వైద్యం చేయడానికి వచ్చాడు. ఈయన స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దగ్గర చదువుకున్నవాడు. రోగులను చూసిన సమయం కంటే మొక్కలను చూసిన సమయం ఎక్కువ. తరువాత ఆర్కాటు నవాబు కొలువులో చేరాడు, 1778 నుంచి ఆంగ్లేయ కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. మొక్కల కోసం తీరం వెంబడి తిరుగుతూ, 1785 జూన్‌లో జబ్బుపడి జగన్నాథపురంలో చనిపోయాడు. ఆ జగన్నాథపురం ఇప్పుడు మీ కాకినాడలో భాగం. సామర్లకోటలో మొక్కల తోట పెంచి, కోరమాండల్ తీరపు వృక్షాలను బొమ్మలతో సహా నమోదు చేసిన విలియం రాక్స్‌బర్గ్‌కు ఆయన స్నేహితుడు, ఒక విధంగా దారి చూపినవాడు.

ఆయన పేరు మన ఇళ్ళలో రోజూ వాడుకలోనే ఉంది. కరివేపాకు శాస్త్రీయ నామంలోని రెండవ మాట 'కోనిగీ'. అది ఆయన జ్ఞాపకార్థం పెట్టినదే. తరంగంబాడి వెళ్ళినప్పుడు పెరళ్ళలో ఆ చెట్టు కనిపిస్తే, మీవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.